విద్యార్థుల ఆరోగ్య సర్వేలు: మెడికోలు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్ కోసం, పీజీ థీసిస్ కోసం, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) స్టూడెంట్‌షిప్ కోసం మన మెడికల్ కాలేజీల్లో ఏటా బోలెడు సర్వేలు జరుగుతాయి. వాటిలో చాలావరకు హైస్కూలు పిల్లల్నో, ఇంటర్ పిల్లల్నో, తోటి మెడికోల్నో అడిగేవే. వాళ్ళు ఒకేచోట ఉంటారు, ఫారం ఇస్తే నింపుతారు కాబట్టి పని తేలికనిపిస్తుంది. ఆ తేలికే చాలా సర్వేలను పాడుచేస్తోంది. ఫారం నింపిన పిల్ల తన సమయాన్నీ, ఒక్కోసారి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పని విషయాన్నీ మనకిస్తుంది. దానికి తగ్గట్టు మనం అడగాలి, విన్నాక ఏదో ఒకటి చేయాలి. కింది జవాబులన్నీ ఆ పట్టింపుతో రాసినవే.

సర్వేకీ పోల్‌కీ తేడా ఏమిటి?

పోల్ అంటే ఒకటి రెండు ప్రశ్నలు, అప్పటికప్పుడు జవాబు. క్లాసులో చేతులెత్తించడం, మెంటీమీటర్, కహూట్ లాంటి ఆన్‌లైన్ ఓటింగ్ యాప్‌లలో ఓటేయించడం ఇలాంటివే. సర్వేలో ఎవర్ని అడగాలో ముందే తేల్చుకుంటాం, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే తీరుగా అడుగుతాం, ఎంతమంది జవాబివ్వలేదో కూడా లెక్క రాస్తాం. పోల్ పాఠానికి పనికొస్తుంది. పోల్ ఫలితాన్ని తీసుకెళ్ళి "మా జిల్లా విద్యార్థుల్లో ఇంత శాతం" అని రాస్తే మాత్రం తప్పు.

విద్యార్థుల ఆరోగ్యం మీద ఇప్పటికే పెద్ద సర్వేలు ఉన్నాయి కదా, మళ్ళీ మేమెందుకు?

ఉన్నాయి, మొదలుపెట్టే ముందు వాటిని చూడాలి కూడా. అమెరికాలో హైస్కూలు విద్యార్థుల ఆరోగ్య అలవాట్ల మీద అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 1991 నుంచి రెండేళ్ళకోసారి సర్వే చేస్తోంది. యూరప్‌లో 11, 13, 15 ఏళ్ళ పిల్లల్ని నాలుగేళ్ళకోసారి అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బడి పిల్లల ఆరోగ్య సర్వేని మన దేశంలో 2007లో సీబీఎస్ఈ స్కూళ్ళలో చేశారు. పొగాకు విషయంలో గ్లోబల్ యూత్ టుబాకో సర్వే ఉంది. దాని ప్రకారం 13–15 ఏళ్ళ విద్యార్థుల్లో ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నవాళ్ళు 2009లో 14.6 శాతం, 2019లో 8.5 శాతం. పదేళ్ళ తేడాతో దాదాపు ఒకే పద్ధతిలో అడిగారు కాబట్టే తగ్గిందని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం.

వీటి నుంచి రెండు సంగతులు నేర్చుకోవాలి. ఒకటి, సీబీఎస్ఈ స్కూళ్ళలో వచ్చిన ఫలితాన్ని శ్రీకాకుళం జిల్లాలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకి అంటగట్టలేం. అక్కడి సంగతి తెలియాలంటే అక్కడే అడగాలి. రెండు, వాళ్ళ ప్రశ్నల్నే వాడుకుంటే మన ఫలితాన్ని వాళ్ళ ఫలితం పక్కన పెట్టి చూడొచ్చు. పొగాకు సర్వేలో "గత 30 రోజుల్లో" అని అడుగుతారు. మనం "ఎప్పుడైనా" అని అడిగితే ఇక రెండు అంకెలనీ పోల్చే దారి ఉండదు.

కేఏపీ సర్వే అంటే ఏమిటి? అందరూ అదే ఎందుకు చేస్తారు?

కేఏపీ అంటే నాలెడ్జ్, యాటిట్యూడ్, ప్రాక్టీస్: తెలిసినది, అనుకునేది, చేసేది. ఈ మూడింటినీ విడివిడిగా అడిగే సర్వే అది. 1950ల్లో కుటుంబ నియంత్రణ కార్యక్రమాల కోసం మొదలైంది. ఇప్పుడు డెంగ్యూ నుంచి గర్భాశయ ముఖ క్యాన్సర్‌ని ఆపే హెచ్‌పీవీ టీకా దాకా అన్నిటికీ వాడుతున్నారు. చేయడం సులువు, గైడ్ త్వరగా ఒప్పుకుంటారు, రెండు నెలల్లో ముగుస్తుంది. అందుకే అందరూ అదే పట్టుకుంటారు.

ఇబ్బంది ఎక్కడంటే, మూడు భాగాల్లో మొదటిదానికే ఇరవై ప్రశ్నలు పోతాయి. కుక్క కాటు మీద సర్వే తీసుకోండి. "రేబిస్ ప్రాణాంతకమా?" అని అడిగితే పదో తరగతి పిల్లలు దాదాపు అందరూ అవుననే అంటారు. అందరూ ఒకే జవాబిచ్చే ప్రశ్నతో మనకి తెలిసేదేమీ లేదు. వాళ్ళకి నిజంగా ఏం తెలియదో తేల్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. కాటు పడకుండా గోళ్ళతో గీరినా, రక్తం రాకపోయినా టీకా కావాలని తెలుసా? గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట కడగాలని తెలుసా? బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడుస్తారన్న భయం ఇంకా ఉందా? ఆ పాత టీకా వాడకం మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది, భయం మాత్రం తాతల నుంచి మనవళ్ళకి వస్తూనే ఉంది. ఇప్పుడు టీకా భుజానికి వేస్తారు, పీహెచ్‌సీల్లో డబ్బు తీసుకోరు.

ఇక చేసేదాని సంగతి. "కుక్క కరిస్తే మీరేం చేస్తారు?" అని అడిగితే పుస్తకంలో చదివింది రాస్తారు. "గత ఏడాదిలో మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఎవరినైనా కుక్క కరిచిందా? కరిచాక మొదటి గంటలో ఏం చేశారు?" అని అడగండి. అప్పుడు పసుపు, కారం, సున్నం, పసరు మందు, ఊళ్ళో మంత్రం వేసే మనిషి, అన్నీ బయటికొస్తాయి. సబ్బుతో కడగాలని తెలిసిన పిల్లవాడే ఇంట్లో నానమ్మ కారం పెడుతుంటే ఆపలేకపోయానని రాస్తాడు. అతనికి ఇంకో పాఠం చెప్పి లాభం లేదు, ఆ నానమ్మతో మాట్లాడాలి. తెలిసినదానికీ చేసినదానికీ మధ్య అడ్డు ఎక్కడుందో చెప్పగలిగితేనే కేఏపీ సర్వేకి అర్థం.

ప్రశ్నలు రాయడంలో ఎక్కువగా జరిగే పొరపాట్లేమిటి?

దీని మీద కాస్త ఆగుదాం. గణాంకాల్లో తప్పు చేస్తే మళ్ళీ లెక్కేసుకోవచ్చు. ప్రశ్న తప్పయితే మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్ళాల్సిందే.

జవాబుని ప్రశ్నలోనే పెట్టేయడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. "జంక్ ఫుడ్ ఆరోగ్యానికి హానికరమని మీరు అంగీకరిస్తారా?" అంటే ఎవరు కాదంటారు? దానికి బదులు "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు కూల్‌డ్రింక్ తాగారు?" అని ఒకటి, "బడి బయట బండి మీద ఎన్ని రోజులు తిన్నారు?" అని ఒకటి అడగండి. రెండోది, ఒకే ప్రశ్నలో రెండు విషయాలు కలిపేయడం. "మీరు వ్యాయామం చేస్తూ తగినంత నిద్రపోతున్నారా?" అన్నదానికి ఆడుకుంటాడు గానీ నిద్ర చాలని కుర్రాడు ఏం రాయాలి?

"తరచుగా", "అప్పుడప్పుడు", "క్రమం తప్పకుండా" అన్న మాటల్ని ఒక్కొక్కరు ఒక్కోలా తీసుకుంటారు. వారానికి ఎన్నిసార్లు, రోజుకి ఎన్ని గంటలు అని అడిగితే గొడవ లేదు. అక్కడ కూడా పిల్లల బతుకు ఎలా ఉందో చూసుకోవాలి. కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్లో ఉండే పిల్లని "రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతావు?" అని ఒక్క ముక్కలో అడగొద్దు. స్టడీ అవర్లు ఉన్న రోజు వేరు, ఆదివారం వేరు, వీకెండ్ టెస్టు ముందు రాత్రి వేరు. "నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? పొద్దున ఎన్నింటికి లేచావు?" అంటే చాలు, గంటలు మనమే లెక్కేసుకుంటాం.

"తెలియదు" అన్న ఆప్షన్ తప్పక ఉండాలి. అది లేకపోతే తెలియనివాళ్ళు ఊహించి టిక్ పెడతారు, వాళ్ళలో కొంతమందిని తెలిసినవాళ్ళ కింద లెక్కేసేస్తాం. "చెప్పడం ఇష్టం లేదు" అన్నది కూడా ఉంచండి.

కుటుంబ ఆదాయం, కులం, తండ్రి ఉద్యోగం లాంటి వివరాలు అలవాటుగా మొదటి పేజీలో పెట్టేస్తారు. విశ్లేషణలో వాడేది లేకపోతే అసలు అడగొద్దు. వాడేదుంటే చివర్లో అడగండి. మొదటి పేజీలోనే ఇంటి గుట్టు అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు.

ఎంత పొడవుండాలి?

పావుగంటలో అయిపోవాలి. అంతకు మించితే చివరి పేజీల్లో అందరూ వరసగా ఒకే గడిలో టిక్ పెట్టుకుంటూ పోతారు. ఫారాలు తిరగేస్తే అది కంటికే కనిపిస్తుంది.

తెలుగులో అడగాలా, ఇంగ్లీషులోనా?

ఏ భాషలో ఆలోచిస్తారో ఆ భాషలో. ఎంబీబీఎస్ విద్యార్థులకి ఇంగ్లీషు సరిపోతుంది. హైస్కూలు పిల్లలకి, ఇంగ్లీషు మీడియం అయినా సరే, తెలుగు కూడా పక్కన ఉంచండి. ఇంగ్లీషు ప్రశ్నావళిని ఒకరు తెలుగులోకి మార్చాలి. అసలు చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. రెండు ఇంగ్లీషు కాపీల్నీ పోల్చి తేడాలు సరిచేసుకోవాలి.

అది అయిపోయాక పని సగమే అయినట్టు. అదే వయసు పిల్లల్ని పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్నా చదివించి, "ఇది నిన్ను ఏం అడుగుతోంది? నీ మాటల్లో చెప్పమ్మా" అని వినండి. "రక్తహీనత" దగ్గర తడబడిన పిల్ల "రక్తం తక్కువ ఉండటం" అనగానే గబగబా చెబుతుంది. పాఠ్యపుస్తకం తెలుగు కన్నా ఇంట్లో వినిపించే తెలుగు మేలు. చిత్తూరులో బాగా నడిచిన ఫారాన్ని కరీంనగర్‌లో వాడే ముందు అక్కడ మళ్ళీ ఇలా చదివించాలి. ఈ ముందస్తు పరీక్షలో (పైలట్‌లో) పాల్గొన్నవాళ్ళని అసలు సర్వే లెక్కలో కలపకూడదు.

సొంతంగా ప్రశ్నలు రాసుకోవాలా, ఉన్న స్కేళ్ళు వాడుకోవాలా?

జ్ఞానం, అలవాట్ల గురించి అయితే మన ఊరికి తగ్గట్టు సొంత ప్రశ్నలే మంచివి. డిప్రెషన్, యాంగ్జైటీ, ఒత్తిడి లాంటివి కొలవాలంటే మాత్రం సొంత ప్రయోగాలొద్దు. డిప్రెషన్‌ని కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి, గత రెండు వారాల గురించి అడుగుతుంది, స్కోరు 0 నుంచి 27 దాకా వస్తుంది. యాంగ్జైటీని కొలిచే జీఏడీ-7 స్కోరు 0 నుంచి 21 దాకా. ఈ రెండూ ఉచితం, తెలుగు రూపాలూ ఉన్నాయి. ప్రశ్నల వరస గానీ మాటలు గానీ మార్చకండి. మారిస్తే అది ఇక ఆ స్కేలు కాదు.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. పీహెచ్‌క్యూ-9లో 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినవాళ్ళని "డిప్రెషన్ ఉన్నవాళ్ళు" అని రాస్తున్నారు. అది స్క్రీనింగ్ మాత్రమే. ఇంకాస్త పరీక్షించి చూడాల్సినవాళ్ళు అని దానర్థం. సైకియాట్రిస్టు మాట్లాడి తేల్చనిదే జబ్బు ఉందనకూడదు.

ఎంతమందిని అడిగితే సరిపోతుంది?

మెడికోల నుంచి అన్నిటికన్నా ముందు వచ్చే ప్రశ్న ఇదే. సూత్రం మీకు తెలిసిందే: నాలుగు పీక్యూ బై ఎల్ స్క్వేర్. పీ అంటే మనం వెతికే విషయం ఎంత శాతం మందిలో ఉంటుందన్న అంచనా, క్యూ అంటే వందలోంచి పీ తీసేస్తే మిగిలేది, ఎల్ అంటే మనం ఒప్పుకునే పొరపాటు. ఏమీ తెలియనప్పుడు పీ 50 శాతం, అటూ ఇటూ 5 శాతం పొరపాటు అనుకుంటే 400 వస్తుంది. నాలుగుకి బదులు 1.96 వర్గం వాడితే 384. ఇది పెద్ద జనాభాకి. మీ కాలేజీలో ఎంబీబీఎస్ నాలుగు బ్యాచ్‌లూ కలిపి 600 మందే ఉంటే దాన్ని సర్దుకుంటే సుమారు 234 చాలు. ఒక్క 150 మంది బ్యాచ్ అయితే 108 వస్తుంది. అలాంటప్పుడు శాంపిల్ తియ్యడం దేనికి? అందరినీ అడిగేయండి.

స్కూళ్ళలో క్లాసులు క్లాసులుగా తీసుకుంటుంటే ఇంకో మెలిక ఉంది. ఒకే క్లాసు పిల్లలు ఒకే టీచరు చెప్పింది వింటారు, ఒకే బండి దగ్గర తింటారు, ఒకరి మాట ఒకరు అంటారు. కాబట్టి ఒక క్లాసులో 40 మందిని అడగడం, 40 వేర్వేరు ఊళ్ళలో ఒక్కొక్కరిని అడగడం సమానం కాదు. దానికోసం శాంపిల్‌ని పెంచాలి, చాలామంది రెట్టింపు చేస్తారు. మీ బయోస్టాటిస్టిషియన్‌ని డేటా తెచ్చాక కాకుండా ఇక్కడే కలవండి.

ఎంతమంది అన్నదాని కన్నా ఎవరు అన్నది ముఖ్యం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని బట్టి లాండన్ గెలుస్తాడని అంచనా వేశారు. గెలిచింది రూజ్‌వెల్ట్. టెలిఫోనూ కారూ ఉన్నవాళ్ళ జాబితాలు ఎక్కువగా వాడటం, జవాబివ్వాలని అనిపించినవాళ్ళే ఇవ్వడం, ఈ రెండూ కలిసి ముంచాయి.

గూగుల్ ఫారం చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే సరిపోదా?

పేపరు ఖర్చు లేదు, ఎక్సెల్ దానంతటదే తయారవుతుంది, ఒక్క రాత్రిలో రెండొందల జవాబులు. నిజమే. కానీ ఆ లింకు ఎంతమంది చూశారు? చూసి ఎంతమంది వదిలేశారు? ఒకడే రెండుసార్లు నింపాడా? పక్క రాష్ట్రంలో ఉన్న ఫ్రెండు నింపాడా? ఇవేవీ తెలియవు. నిద్ర మీద ఫారం పెడితే నిద్ర పట్టనివాళ్ళే ఎక్కువగా తెరుస్తారు.

దీనికి మన కళ్ళ ముందున్న పెద్ద ఉదాహరణ నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్ ఫోర్స్ నివేదిక. మెడికల్ విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద చేసిన ఆన్‌లైన్ సర్వేకి 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు, 7,035 మంది అధ్యాపకులు స్పందించారు. నివేదిక 2024లో బయటికొచ్చింది. ఎంబీబీఎస్ వాళ్ళలో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. పేపర్లలో "మెడికోల్లో ప్రతి నలుగురిలో ఒకరికి" అని వచ్చింది. ఇష్టమైనవాళ్ళు నింపిన ఫారం కాబట్టి దేశంలోని మెడికోలందరికీ ఆ శాతం వర్తిస్తుందని చెప్పలేం. కష్టంలో ఉన్నవాళ్ళు ఎక్కువగా రాసి ఉండొచ్చు. లేదా మరీ కుంగిపోయినవాళ్ళు ఫారమే తెరవకపోయి ఉండొచ్చు.

అయినా ఆ నివేదికని పక్కన పడేయడానికి ఇది కారణం కాదు. 25,590లో 27.8 శాతం అంటే ఏడు వేలకు పైగా పిల్లలు. శాతం అటూ ఇటూ కావచ్చు, ఆ ఏడు వేల మంది మాత్రం నిజం. పద్ధతిలో లోపం ఉందని చెప్పడం ఒకటి, చెప్పుకున్నవాళ్ళని లెక్కలోంచి తీసేయడం ఇంకొకటి.

మీ సర్వేకి ఆన్‌లైనే వాడాలనుకుంటే క్లాసులో అందరూ ఉన్నప్పుడు క్యూఆర్ కోడ్ చూపించి అక్కడే నింపించండి. హాజరు ఎంత, నింపింది ఎంతమంది అన్నది రాసుకోండి. ఈమెయిల్ ఐడీలు సేకరించే సెట్టింగ్ ఆపేయండి. ఫోన్ లేని, డేటా లేని పిల్లలకి కాగితం ఫారాలు దగ్గర పెట్టుకోండి.

పిల్లలు నిజం చెబుతారా?

భయం లేకపోతే చెబుతారు. క్లాస్ టీచర్ బెంచీల మధ్య తిరుగుతుంటే సిగరెట్ గురించి ఎవరూ నిజం రాయరు. టీచర్లని మర్యాదగా బయట ఉండమని కోరండి. పేరు, రోల్ నంబర్ అడగొద్దు. ఫారాలు చేతికి తీసుకోకుండా మూసిన పెట్టెలో వేయించండి. బెంచీకి ముగ్గురు కూర్చుంటే పక్కవాడు చూస్తాడు, దూరం దూరంగా కూర్చోబెట్టండి. ఆడపిల్లల్ని నెలసరి గురించి అడిగేటప్పుడు వేరే గది, మహిళా ఇంటర్న్‌లు ఉంటే మంచిది.

మరీ సున్నితమైన విషయాలకి ఇంకో ఉపాయం ఉంది. 1965లో వార్నర్ అనే గణాంక శాస్త్రవేత్త దీనికి దారి వేశారు. దాని సులువైన రూపం ఇలా ఉంటుంది. ప్రతి ఒక్కరూ ఎవరికీ చూపించకుండా రూపాయి బిళ్ళ ఎగరేస్తారు. బొమ్మ పడితే ప్రశ్న ఏదైనా సరే "అవును" అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. ఎవరు "అవును" రాసినా అది బిళ్ళ చెప్పించిందో, నిజమో ఎవరికీ తెలియదు. 200 మందిలో 120 మంది "అవును" అన్నారనుకోండి. సుమారు 100 మందికి బొమ్మ పడి ఉంటుంది. మిగిలిన 20 "అవును"లు బొరుసు పడిన 100 మందివి. అంటే దాదాపు 20 శాతం. అంచనా కాస్త ముతకగా వస్తుంది, కాబట్టి ఎక్కువమంది కావాలి. కానీ పిల్లలకి దీన్ని ముందు వివరిస్తే వాళ్ళ ముఖాల్లో టెన్షన్ తగ్గడం కనిపిస్తుంది.

హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఇంకా ఎవరి అనుమతి కావాలి?

హెడ్మాస్టర్ అనుమతి బడిలో అడుగుపెట్టడానికి. పిల్లల్ని అడగడానికి అది చాలదు. 18 ఏళ్ళు నిండనివాళ్ళయితే తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసిన సమ్మతి కావాలి, పిల్లలు తమంతట తాము సరేననాలి. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు దీన్ని స్పష్టంగా చెబుతున్నాయి. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది పదహారు, పదిహేడేళ్ళవాళ్ళే, వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. అంతకన్నా ముందు మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. డేటా తీసుకున్నాక వెనక తేదీతో తెచ్చుకునేది కాదది.

పత్రం ఇంటికి పంపేటప్పుడు అమ్మానాన్నలకి అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ చాలు. చదువురానివాళ్ళుంటే ఒక సాక్షి ముందు చదివి వినిపించాలి. ఒప్పుకోని పిల్లల్ని వేరుచేసి కూర్చోబెట్టి అందరికీ తెలిసేలా చేయకండి. వాళ్ళకీ ఏదో ఒక కాగితం పని ఇవ్వండి.

ఎవరైనా ఆత్మహత్య ఆలోచన ఉందని రాస్తే?

ఈ ప్రశ్నకి జవాబు ఫారాలు పంచే ముందే మీ దగ్గర ఉండాలి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న దీని గురించే. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగి, అవునని చూసి, ఎక్సెల్‌లో ఒక అంకె వేసి ఊరుకోవడమే ఘోరం.

పేరు లేని సర్వే అయితే ఎవరు రాశారో తెలుసుకునే వీలుండదు. కాబట్టి ప్రతి ఫారానికీ ఒక చీటీ ఉండాలి, అందరూ ఇంటికి తీసుకెళ్ళేలా. అందులో ఫలానా రోజు ఫలానా గదిలో కౌన్సెలర్ ఉంటారని, టెలి మానస్ నంబరు 14416 అని రాయాలి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ ఉంటుంది. చీటీ అందరికీ ఇస్తే ఎవరికి అవసరమో మిగతావాళ్ళకి తెలియదు. సాయం కావాలనుకున్నవాళ్ళు పేరు రాసి వేసేందుకు విడిగా ఒక కవరు పెట్టండి, దాన్ని ఆ రోజే తెరవాలి. మీ సైకియాట్రీ విభాగంతో మాట్లాడుకోకుండా ఇలాంటి సర్వే మొదలుపెట్టొద్దు. ఎవరైనా వచ్చి మీతోనే చెప్పుకుంటే, ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే, రహస్యం కన్నా ప్రాణం ముందు. వాళ్ళని ఒంటరిగా వదలకుండా ఆ పిల్లకి నమ్మకమున్న పెద్దవాళ్ళ దగ్గరికి, డాక్టరు దగ్గరికి చేర్చాలి.

వైద్య విద్యలో నేర్చుకున్నది సర్వేతో తెలుస్తుందా?

కొంతవరకే. "సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి, శ్వాస అందించడం) చేయడం వచ్చా?" అని ఇంటర్న్‌లని అడిగితే చాలామంది "వచ్చు" అంటారు. బొమ్మ ముందు కూర్చోబెట్టండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి, ముప్పై నొక్కులకి రెండు శ్వాసలు. ఎంతమంది చేయగలరో అప్పుడు తేలుతుంది. డాక్టర్లు తమ నైపుణ్యాన్ని తాము అంచనా వేసుకున్న తీరుకీ, పరీక్షించి చూస్తే తేలినదానికీ పొంతన తక్కువని 2006లో ఒక పెద్ద సమీక్ష చూపించింది. అన్నిటికన్నా తక్కువ వచ్చినవాళ్ళే తమ మీద ఎక్కువ నమ్మకంతో ఉన్న సందర్భాలూ అందులో ఉన్నాయి. కాబట్టి ఆత్మవిశ్వాసాన్ని కొలిచి దాన్ని నైపుణ్యం అని రాయకండి. రెండూ కొలిచి పక్కపక్కన పెడితే చాలా విలువైన సంగతి తెలుస్తుంది.

వర్క్‌షాపు ముందు, తర్వాత పరీక్ష పెట్టి మార్కులు పెరిగాయని రాయడం కూడా ఎక్కువైపోయింది. అరగంట క్రితం చెప్పింది అరగంట తర్వాత గుర్తుండటంలో వింత లేదు. మూడు నెలల తర్వాత అదే ప్రశ్నలు మళ్ళీ అడగండి.

క్లాసులో పోల్ పెట్టడానికి మాత్రం నేను గట్టిగా మద్దతిస్తాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఒక ప్రశ్న వేస్తారు, ఎవరికి వారు ఓటేస్తారు. జవాబులు చీలిపోతే పక్కవాళ్ళతో రెండు నిమిషాలు వాదించుకోమంటారు, మళ్ళీ ఓటేయిస్తారు. ఫార్మకాలజీ క్లాసులో "వైరల్ జలుబుతో వచ్చిన అయిదేళ్ళ పిల్లకి తల్లి యాంటీబయాటిక్ అడుగుతోంది, ఏం చేస్తారు?" అని వేసి చూడండి. పుస్తకం జవాబు తెలిసినవాళ్ళు కూడా ఆ తల్లికి ఏం చెప్పాలో తెలియక ఆగిపోతారు. అక్కడ మొదలయ్యే చర్చ గంట లెక్చర్‌లో రాదు.

పోస్టింగ్ చివర తీసుకునే ఫీడ్‌బ్యాక్ ఫారాలు పనికొస్తాయా?

ఇంటర్నల్ మార్కులు వేశాక, పేరు లేకుండా తీసుకుంటే పనికొస్తాయి. ముందు తీసుకుంటే అందరికీ "చాలా బాగుంది" అనే వస్తుంది.

విశ్లేషణలో కనీసం ఏం చూసుకోవాలి?

శాతం రాసిన ప్రతిచోటా ఎంతమందిలో అన్నది రాయండి. "50 శాతం మంది" అంటే నలుగురిలో ఇద్దరు కూడా కావచ్చు. ఒక్కసారే అడిగిన సర్వేతో కారణాలు తేలవు. ఫోన్ ఎక్కువ చూసేవాళ్ళకి నిద్ర తక్కువని వస్తే, ఫోన్ వల్ల నిద్ర పోయిందా, నిద్ర పట్టక ఫోన్ పట్టుకున్నారా అన్నది ఆ డేటా చెప్పదు. ముప్పై టేబుళ్ళలో కై స్క్వేర్ (రెండు విషయాలకి సంబంధం ఉందో లేదో చూసే పరీక్ష) వేసుకుంటూ పోతే, అసలు సంబంధం లేకపోయినా ఒకటి రెండు చోట్ల పీ విలువ 0.05 కన్నా తక్కువగా, అంటే సంబంధం ఉన్నట్టుగా, ఊరికే వస్తుంది. ఏం వెతుకుతున్నారో ప్రొటోకాల్‌లోనే రాసుకుని దానికే కట్టుబడండి.

సర్వే అయిపోయింది, పేపరు కూడా వచ్చింది. ఇంకేమైనా చేయాలా?

అడిగినవాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళాలి. ఈ పని చేసేవాళ్ళు చాలా తక్కువ, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ఐరన్ మాత్రల సంగతి తీసుకుందాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15–49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. హైస్కూలు పిల్లలకి వారానికొక నీలం రంగు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇచ్చే పథకం ఉంది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. రిజిస్టర్‌లో "ఇచ్చాం" అని ఉంటుంది. మింగారా లేదా అన్నది పిల్లల్ని అడిగితేనే తెలుస్తుంది. అడిగితే కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా వస్తే భయమేసిందని, ఖాళీ కడుపుతో మింగి వాంతి చేసుకున్నామని, అమ్మ వద్దందని చెబుతారు. ఇందులో సగం సమస్యలకి మందు తేలిక: మధ్యాహ్న భోజనం అయ్యాక ఇవ్వడం, విరేచనం నల్లగా రావడం మామూలేనని ముందే చెప్పడం, ఒకసారి తల్లుల్ని పిలిచి మాట్లాడటం.

అంటే ఆ సర్వే ఫలితం జర్నల్‌కి చేరే ముందు ఆ బడికి చేరాలి. హెడ్మాస్టర్‌కి, సైన్స్ టీచర్‌కి, పీహెచ్‌సీ డాక్టర్‌కి, ఏఎన్‌ఎమ్‌కి ఒక్క పేజీ తెలుగులో రాసివ్వండి. క్లాసులోకి వెళ్ళి పిల్లలకే బోర్డు మీద చూపించండి: మీరిలా చెప్పారు, దాన్నిబట్టి ఇది మారుస్తున్నాం అని. ఏ క్లాసు ఏం చెప్పిందో విడదీసి చూపొద్దు, మొత్తంగా చెప్పండి. మరుసటి ఏడాది మీ జూనియర్లు అదే బడికి ఫారాలతో వెళ్ళినప్పుడు పిల్లలు శ్రద్ధగా రాస్తారు.

సెకండియర్ ఎంబీబీఎస్ చదువుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఐసీఎంఆర్ 1979 నుంచి ఇస్తున్న షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ మీలాంటివాళ్ళ కోసమే. రెండు నెలల ప్రాజెక్టు, స్టైపెండ్ ఉంటుంది. గైడ్‌ని కలిసే ముందు మీ ఊరి బడికి ఒకసారి వెళ్ళి, ఫారం ఏమీ లేకుండా, పిల్లలతో గంటసేపు మాట్లాడి రండి. ఏ ప్రశ్న అడగాలో వాళ్ళ మాటల్లోనే దొరుకుతుంది. దాన్ని ఒక పేజీలో రాసుకుని గైడ్ దగ్గరికి వెళ్ళండి. ఎథిక్స్ కమిటీ సమావేశం ఎప్పుడో ముందే కనుక్కోండి, రెండు నెలల్లో ఎక్కువ ఆలస్యం అక్కడే అవుతుంది. పదో తరగతి వాళ్ళని ఫిబ్రవరి, మార్చి నెలల్లో కదిలించకండి, పబ్లిక్ పరీక్షల టైమది.